ఆఖరి స్లైడు

నవంబరు 5, బుధవారం

గొంతు పోయింది. ఇరవై రెండు మంది చేత ఊదించాలంటే ఇరవై రెండు సార్లు అరిస్తే చాలదు. ఒక్కొక్కరికి మూడేసి సార్లు, ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే మరో మూడు. "పీల్చండి, ఇంకా పీల్చండి, ఇంకా... ఇప్పుడు ఊదండి! ఆపకండి, ఆపకండి, ఆపకండి!" తాడేపల్లిగూడెంలో ఆ హాలు పక్కనున్న టీ కొట్టాయన తలుపు తోసుకుని వచ్చి, "ఎవరినైనా కొడుతున్నారాండీ?" అని అడిగాడు.

పిల్లల ఉబ్బసం కనిపెట్టడానికి ఇప్పుడు పల్లెటూరి ఆసుపత్రులన్నిటికీ చిన్న మెషీన్లు ఇచ్చారు. గొట్టంలో పిల్ల ఊదుతుంది, ట్యాబులో గీత పడుతుంది. తెరమీద కొవ్వొత్తులుంటాయి, గట్టిగా ఊదితే ఆరిపోతాయి. మెషీను ఇచ్చారు సరే, ఊదించడం ఎవరికి వచ్చు? మా ఆసుపత్రిలో ఆ గొట్టం దగ్గర పద్దెనిమిదేళ్ళు నిలబడినదాన్ని కాబట్టి నేర్పమని నన్ను పట్టుకున్నారు. రిటైర్మెంటుకి ఇంకా ఏడు నెలలు. మోకాళ్ళు మాత్రం పోయినేడే రిటైరయ్యాయి.

జమ్ములంక పీహెచ్‌సీ నుంచి డాక్టరూ నర్సూ ఇద్దరూ వచ్చారు. డాక్టరు అభిషేక్, చిన్నవాడు, మూడోసారి ఊదేసరికి కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. నర్సు పేరు నిర్మల. ముందు కుర్చీలో కూర్చుని ప్రతి మాటా నోట్సు రాసుకుంది. నేను తుమ్మినా రాసుకునేలా ఉంది.

ఒంటిగంట దాటాక కరెంటు పోయింది. వెనక బల్లమీద బిర్యానీ పొట్లాలు వాసన కొడుతున్నాయి. లంకల వైపు వెళ్ళేవాళ్ళు బస్సుల సంగతి ఎత్తారు. ఒక్క స్లైడు మిగిలింది, అది నోటితోనే చెప్పేశాను. చెక్‌లిస్టులో పదకొండు అంశాలకీ టిక్కులు పెట్టి సంతకం చేసి ఇచ్చాను. బస్సు ఉంగుటూరు దాటేసరికి నిద్రపోయాను. ఏలూరులో కండక్టరు లేపాడు.

నవంబరు 6

మాట లేదు. ఈయనకి పలక మీద రాసి చూపించాను, "ఉప్పు నీళ్ళు" అని. ముప్పై నాలుగేళ్ళలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదన్నారు ఎలీయాజరు మాస్టారు.

నవంబరు 12, బుధవారం

పెదపాడు. పద్నాలుగు మంది. ఇవాళ కరెంటు ఉంది.

ఒకావిడ మంచి ప్రశ్న వేసింది. "మేడం గారూ, పొద్దున్నే నీలం పంపు కొట్టించి తీసుకొస్తారు కదండీ, ఆ పిల్లలకి చెయ్యొచ్చాండీ?"

చెయ్యకూడదు. నీలం పంపు, అంటే ఆయాసానికి కొట్టే ఇన్‌హేలరు, మూసుకున్న ఊపిరి గొట్టాలని కాసేపు తెరుస్తుంది. ఆ నాలుగైదు గంటలూ పిల్ల ఊపిరి శుభ్రంగా కనిపిస్తుంది, గీత అందంగా వస్తుంది. అందుకే పరీక్షకి ఆరు గంటల ముందు నుంచి అది ఆపాలి. ఆయాసం వస్తే మాత్రం పంపు కొట్టాల్సిందే, పరీక్షే ఇంకో రోజుకి మార్చాలి. రెండో ముక్క ఇంకా ముఖ్యం. గీత బాగా వచ్చినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. రోజూ పొద్దునా సాయంత్రం పీల్చే నారింజ రంగు పంపు ఆపకూడదు. ఉబ్బసం వస్తూ పోతూ ఉంటుంది. అది ఇంట్లో లేని రోజున మనం తలుపు కొట్టి ఉండొచ్చు.

ఆఖరి స్లైడులో ఈ రెండే ముక్కలు. అరగంట చెప్పాను. గూడెంలోనూ ఇలాగే చెప్పాను.

నవంబరు 14, శుక్రవారం

నిర్మల ఫోను చేసింది. గొంతులో సంతోషం ఆగడం లేదు. "మేడం గారూ, మొదటి పిల్లకి చేసేశానండీ! నిస్సీ అనండీ, తొమ్మిదేళ్ళు. మూడు సార్లూ కలిసిందండీ. నార్మల్ అండీ!" పిల్ల మూడో ఏటి నుంచి ఉబ్బసంతో బాధపడుతోందట. వాళ్ళమ్మ పిల్లకి ఆదివారం గౌను తొడిగి, జడలు వేసి, మొహానికి పౌడరు రాసి తీసుకొచ్చిందట. డాక్టరు గారు మీటింగుకి వెళ్ళారట. కాగితం ప్రింటు తీసి తల్లి చేతికి ఇచ్చేశానంది.

వాట్సాప్‌లో ఆ కాగితం ఫోటో పంపింది. గీత చక్కగా ఉంది, పాఠంలో పెట్టుకోదగ్గట్టు ఉంది. "బాగా చేశావమ్మా" అని రాశాను. ఇంకేమీ అడగలేదు. కూర పొయ్యి మీద ఉంది.

నవంబరు 23, ఆదివారం

ఈయన రిటైరయ్యాక ఆదివారాలు పల్లెటూరి సంఘాల్లో వాక్యం చెప్పడానికి వెళుతుంటారు. ఇవాళ జమ్ములంక. చాలా రోజులైంది కదా, నేనూ స్కూటరెక్కాను. దారి పొడుగునా కోతలు. కోత మెషీను వెళ్ళిన చేలో నుంచి దుమ్ము లేచి రోడ్డు కనిపించలేదు. కొంగు ముక్కుకి కట్టుకున్నాను.

పాటలయ్యాక పాస్టరు విశ్వాసం గారు "సాక్ష్యాలు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. ఒకావిడ లేచింది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో లామినేషన్ చేయించిన కాగితం.

"అందరికీ వందనాలండి. నా పేరు ప్రసన్నకుమారి అండి. మా ఆయన మత్తయి, చేపల చెరువు కాడ పని చేత్తారండి. మా పాప నిస్సీకి మూడో ఏటి నుంచీ ఆయాసవండి. ఎన్ని రాత్రులు కూసోబెట్టి వీపు రాశానో దేవుడికే తెలుసండి. నలభై రోజులు ఉపవాసం పట్టానండి. మొన్న పద్నాలుగో తారీకున మన ఆసుపత్రిలో కొత్త మిషన్లో ఊదించారండి. నార్మల్ అని రాసిచ్చారండి. ఇదిగోనండి." కాగితం ఎత్తి పట్టుకుంది. వెలుతురు పడి మెరిసింది. "ఆ సాయంత్రమే రెండు పంపులూ చెరువులో ఇసిరేశావండి. దేవుడికి మహిమ."

హల్లెలూయ అని గుడి మారుమోగింది. ఆవిడ ఏడ్చింది. పక్కనున్న ముసలావిడ ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, అది అబద్ధం కాదు. ఆరేళ్ళు నిద్రలేని మనిషి మొహం అలా వెలిగితే ఎవరికి మాత్రం ఏడుపు రాదు?

అప్పుడు పాస్టరు గారు నా వైపు చెయ్యి చూపించారు. "ఆ మిషను మన నిర్మల సిస్టరు గారికి నేర్పింది ఎవరో కాదండీ, మన మాస్టారి భార్య, ఈ అమ్మగారే." అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించి నవ్వాను.

నవ్వాను. లేచి ఒక్క మాట అనాల్సింది. అమ్మా, ఆ నారింజ పంపు తీసెయ్యకూడదమ్మా అని. సాక్ష్యం చెబుతున్న మనిషి మాటకి మధ్యలో ఎవరు అడ్డొస్తారు? తర్వాత విడిగా చెబుదామనుకున్నాను. తర్వాత భోజనాలు పెట్టారు. కొల్లేటి కొర్రమీను పులుసు.

నిస్సీ వచ్చి చెయ్యి కలిపింది. "కొవ్వొత్తులన్నీ ఆర్పేశానండి" అంది. క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషమట. రెండుసార్లు దగ్గింది, పొడిగా. కోతల దుమ్ము. అందరూ దగ్గుతున్నారు. నేనూ దగ్గాను.

నవంబరు 24

ఆఖరి స్లైడు గూడెంలో చెప్పాను. కరెంటు పోయాక, కిటికీ పక్కన నిలబడి, నోటితో. బాగా గుర్తుంది.

నవంబరు 25

గుర్తుంది. నా చెయ్యి కిటికీ ఊచ మీద ఉంది.

నవంబరు 29, శనివారం

నిర్మల ఫోను. ఈసారి గొంతు వేరు.

"మేడం గారూ, నిస్సీకి బాలేదండీ. స్కూల్లో మెట్లెక్కలేకపోతోందంట. నాటకంలోంచి తీసేశారండీ. రెండు వాక్యాలు ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతోందంట. వాళ్ళమ్మ నన్ను చూసి సందులోకి తప్పుకుంటోందండీ. అడిగితే మంచు పడింది కదండీ అంటోంది."

"పంపు ఆపకూడదని చెప్పలేదా నువ్వు? నార్మల్ వచ్చినా ఆపకూడదని నేను చెప్పాను కదమ్మా ఆ రోజు" అన్నాను. గట్టిగానే అన్నాను.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత "చెప్పే ఉంటారండీ. నేనే సరిగ్గా వినలేదేమోనండీ" అంది.

ఫోను పెట్టేశాక ఇల్లంతా రెండుసార్లు ఊడ్చాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నిర్మల నన్నేమీ అనకుండానే నేను గొంతు పెంచాను.

నవంబరు 30, ఆదివారం

ఈయన మళ్ళీ జమ్ములంక వెళ్ళారు. మోకాలు పట్టేసిందని నేను వెళ్ళలేదు. ఆయన వెళ్ళాక డాబా మీదికెక్కి బట్టలారేశాను.

వచ్చి చెప్పారు, నిస్సీ గుడికి రాలేదట. ఊరెళ్ళిందని వాళ్ళమ్మ చెప్పిందట. బడి ఉన్న రోజుల్లో ఏ ఊరు?

డిసెంబరు 3, బుధవారం

సూపర్విజన్ విజిట్ అని రాసుకుని జమ్ములంక వెళ్ళాను. నిర్మల బండి మీద ఎక్కించుకుని చెరువు గట్టు మీదుగా తీసుకెళ్ళింది. మత్తయి వాళ్ళ ఇల్లు గట్టు చివర. అరుగు మీద చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాలు, ఒకటి విప్పి ఉంది. తలుపు వేసి ఉంది.

పిలిస్తే చాలాసేపటికి ప్రసన్నకుమారి తలుపు వారగా తీసింది. "పాప ఊళ్ళో లేదండి" అంది. లోపల దగ్గు వినిపించింది. ముగ్గురం విన్నాం. తర్వాత ఆవిడ తలుపు తీసేసింది.

పిల్ల మంచం మీద కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి ఊపిరి లాగుతోంది. మెడ దగ్గర గుంట పడుతోంది. ఆ లక్షణం ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. నా సంచిలో నీలం పంపు, పిల్లల కోసం దానికి తగిలించే గొట్టం ఎప్పుడూ ఉంటాయి. నాలుగు సార్లు కొట్టాను. ఇరవై నిమిషాలకి మళ్ళీ నాలుగు. భుజాలు దిగాయి. "దాహం" అంది. అప్పటి దాకా ఆ ఒక్క మాటకి కూడా గాలి లేదు దానికి.

"ఆసుపత్రికి పదమ్మా, డాక్టరు గారు చూస్తారు" అన్నాను.

"వద్దండి."

"ఎందుకు?"

ఆవిడ తలుపు మళ్ళీ మూసింది. గోడకి క్యాలెండరు పక్కన ఆ లామినేషన్ కాగితం మేకుకి వేలాడుతోంది.

"ఆసుపత్రి వరండాలో సగం సంఘం కూసుంటదండి. అంతమంది ముందు నిలబడి బాగైపోయిందని చెప్పాను కదండి. ఇప్పుడు పంపు పట్టుకుని ఎల్తే ఏవంటారండి? నేను అబద్ధవాడినట్టా? దేవుడు ఆడినట్టా?" గొంతు తగ్గించింది. "నా నమ్మకవే తక్కువైందంటారండి. నేనూ అదే అనుకుంటన్నాను. పిల్లకి మళ్ళీ వచ్చిందంటే నాలోనే ఏదో తప్పుంది."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను, పంతొమ్మిది రోజులు ఆలస్యంగా. "ఆ రోజు పరీక్షకి వచ్చే ముందు పంపు కొట్టావా అమ్మా?"

"కొట్టానండి. పొద్దున్న కొట్టాను, మళ్ళీ ఆసుపత్రి గేటు కాడ నాలుగు కొట్టాను. ఆటోలో దుమ్ముకి దగ్గిందండి. కొత్త మిషను, డాక్టరు గారు, సిస్టరు గారు... అంతమంది ముందు పిల్లని దగ్గుకుంటా ఎలా నిలబెడతావండి? తలదువ్వి, పౌడరు రాసి, పంపు కొట్టి తీసుకెల్లాను."

దాచుకోవాలని చేసింది కాదు. మనవాళ్ళందరం అంతే. డాక్టరు దగ్గరికి వెళుతున్నామంటే స్నానం చేస్తాం, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంటాం. జబ్బుని కూడా కాస్త సర్ది తీసుకెళతాం. పద్దెనిమిదేళ్ళు చూశాను ఇది. ఆ స్లైడు తయారుచేసింది ఇందుకే.

పంపూ గొట్టమూ అక్కడే పెట్టి వచ్చాను. తలుపులేసుకుని వాడతానంది, బడి సంచిలో మాత్రం పెట్టనంది. ఆయాసం తలుపులేసి ఉన్నప్పుడే వస్తుందా? నారింజ పంపు డాక్టరు దగ్గర రాయించుకోవాలి, ఆ గడప ఆవిడ తొక్కదు. ఇవాళ నేను వెళ్ళాను కాబట్టి సరిపోయింది. నేను వెళ్ళని రోజు?

పీహెచ్‌సీకి తిరిగొచ్చాక నిర్మల బల్ల సొరుగులోంచి నోట్సు తీసి నా ముందు పెట్టింది. "నేనేదో రాసుకోలేదేమోనని నాలుగు సార్లు చదివానండీ. నా తప్పేనండీ మేడం గారూ" అంది. గుండ్రటి అక్షరాలు. పది అంశాలూ వరసగా ఉన్నాయి. టీ కొట్టాయన వచ్చిన సంగతి కూడా బ్రాకెట్లో ఉంది. ఆఖరున ఇలా రాసి ఉంది: "1.10 కరెంటు పోయింది. మేడం: ఇంకొక్కటే ఉంది, అది పీడీఎఫ్‌లో చూసుకోండమ్మా, అందరికీ ఆకలేస్తోంది. భోజనాలు."

నోట్సు మూసి ఇచ్చేశాను. నీ తప్పు కాదని నిర్మలకి చెప్పలేదు.

డిసెంబరు 4

చెప్పలేదు.

కిటికీ ఊచ మీద చెయ్యి నిజమే. కిటికీలోంచి బస్సుల వైపు చూస్తున్నాను.

డిసెంబరు 5, శుక్రవారం

పొద్దున్న ముందు నిర్మలకి ఫోను చేశాను. "నీ నోట్సు సరైనదేనమ్మా. నేనే చెప్పలేదు. తప్పు నీది కాదు." అటునుంచి ఏడుపు. తర్వాత డాక్టరు అభిషేక్‌కి, తర్వాత మిగిలిన ఇరవై మందికీ. ఒక్కొక్కరికీ అదే మాట: నేనొక స్లైడు ఎగరగొట్టాను, ఇప్పుడు రాసుకోండి. చాలామంది "పర్లేదండీ మేడం" అన్నారు. దెందులూరు వైపు నర్సు ఒకామె మాత్రం "అయ్యో, ఇప్పటికి తొమ్మిది మందికి చేసేశానండీ" అంది. ఆ తొమ్మిది మందినీ మళ్ళీ పిలిపించమన్నాను. ఆ చెక్‌లిస్టులో పదకొండో టిక్కు తప్పని పై ఆఫీసుకి ఉత్తరం కూడా రాశాను. ఏం చేస్తారో చేసుకోనీ.

భోజనం దగ్గర ఈయనకి అంతా చెప్పాను. ఆదివారం జమ్ములంక గుడిలో లేచి చెబుతానన్నాను.

ఈయన ముద్ద కలపడం ఆపారు. "ఒకరు చెప్పిన సాక్ష్యం మీద లేచి మాట్లాడటమంటే చిన్న విషయం కాదు లతా. ఆ అమ్మాయిని నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది. పోనీ, నేనే వాక్యంలో కలిపి, వైద్యం కూడా దేవుడిచ్చిందే అని నెమ్మదిగా చెబుతాను."

"మీరు నెమ్మదిగా చెబితే అందరూ ఆమెన్ అని ఇంటికెళతారండీ. ఆవిడ తలుపు తెరవదు."

ఆయన ముద్ద పక్కన పెట్టారు. "నువ్వు చెప్పలేదని నీకెప్పుడు తెలిసింది?"

"నిర్మల నోట్సు చూశాక."

"అంతకు ముందు తెలీదా?"

మజ్జిగ పోశాను. ఈ మనిషి ముప్పై ఆరేళ్ళు బళ్ళో పిల్లల మొహాలు చూసి ఎవరు లెక్క చెయ్యలేదో కనిపెట్టాడు.

"తెలుసండీ" అన్నాను.

"అయితే చెప్పు" అన్నారు.

డిసెంబరు 7, ఆదివారం

గుడి నుంచి వచ్చి చీర కూడా మార్చకుండా రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

ప్రసన్నకుమారి మూడో వరసలో ఉంది. ఇవాళ నిస్సీని తీసుకొచ్చింది, స్వెట్టరు తొడిగి, తల మీద కండువా కప్పి. దూరం నుంచి చూస్తే చలికి కప్పినట్టే ఉంది. గుడికి ఎన్ని ఆదివారాలని తప్పించుకుంటుంది? పిల్ల దగ్గు వచ్చినప్పుడల్లా కండువాలో మూతి దాచుకుంటోంది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ దాచుకోవడం ఎవరు నేర్పారు? మేమే. నేనే.

సాక్ష్యాలు అనగానే లేచాను. రాసి పెట్టుకున్న కాగితం సంచిలోనే ఉండిపోయింది.

"అందరికీ వందనాలండి. నేను మంచి సాక్ష్యం చెప్పడానికి లేవలేదండి. ఒక తప్పు ఒప్పుకోడానికి లేచాను. పోయిన నెల ప్రసన్నకుమారి ఇక్కడ ఒక కాగితం చదివింది. తను అబద్ధం చెప్పలేదు. తన చేతికిచ్చిన కాగితమే చదివింది. ఆ కాగితం తప్పు. పరీక్ష చేసే ముందు పిల్ల పంపు వాడిందా అని అడగాలి. అడగమని నిర్మలకి నేర్పాల్సింది నేను. ఆ రోజు భోజనాలకి ఆలస్యమైందని నేర్పలేదు. నాకు ఆకలేసింది, అంతే. దాని ఫలితం ఈ పిల్ల అనుభవిస్తోంది. ఆ వేళ మీరు నాకు చప్పట్లు కొడితే నవ్వుతూ తీసుకున్నాను. అప్పుడే చెప్పాల్సింది, అదీ చెప్పలేదు."

పాస్టరు గారు తల దించుకున్నారు. ఇక్కడ ఆపేస్తే ప్రసన్నకుమారి ఊళ్ళో తలెత్తుకోలేదనిపించింది.

"పంపు వాడితే నమ్మకం లేనట్టు కాదండి. మా మాస్టారు పాతికేళ్ళుగా కళ్ళజోడు పెట్టుకునే వాక్యం చదువుతున్నారు. ఆయన నమ్మకం తక్కువని ఎవరూ అనలేదు కదా."

వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఈయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడు నవ్వు కాస్త పెద్దదైంది.

ప్రసన్నకుమారి మాత్రం నవ్వలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. అడుసు తొక్కిందీ నేనే, ఆ కడిగిన నీళ్ళు ఆవిడ మొహం మీద పోసిందీ నేనే.

వెనకే వెళ్ళాను. గుడి మెట్ల మీద కూర్చుని ఉంది. ఎదురుగా చేలో కోత మెషీను తిరుగుతోంది, దుమ్ము మెట్ల దాకా వస్తోంది. పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఊపిరి లాగుతోంది. ఆవిడ సంచిలోంచి ఆ లామినేషన్ కాగితం తీసి పిల్లకి గాలి విసురుతోంది.

"నా పేరెందుకు ఎత్తారండి?" అంది నా వైపు చూడకుండా.

"ఎత్తకపోతే నువ్వు తలుపులేసుకునే ఉంటావమ్మా."

"నలభై రోజులండి. నలభై రోజులు మెతుకు ముట్టలేదండి సందేళ దాకా." ఏడుస్తోంది, కోపంగా ఉంది. నేను పక్కన కూర్చున్నాను. మోకాలు కలుక్కుమంది. ఆ కోపానికి ఆవిడకి హక్కుంది.

లోపల ప్రార్థన మొదలైంది. కిటికీల్లోంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మెట్ల వైపు చూస్తున్నారు. ప్రసన్నకుమారి వాళ్ళని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కాగితం కింద పెట్టి, సంచి అడుగున చీరముక్కలో చుట్టిన మూట విప్పింది. నీలం పంపు, గొట్టం. తెచ్చింది, తెచ్చి దాచింది.

"ఎన్ని లెక్కెట్టాలండి?"

"ఒక్కో కొట్టుకీ పది ఊపిర్లు."

గొట్టం పిల్ల మూతికి పెట్టింది. పంపు నొక్కింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది, ముందు లోగొంతుకతో, నాలుగు దగ్గరికొచ్చేసరికి మామూలు గొంతుతో, పదికి వచ్చేసరికి లోపల ప్రార్థన చేస్తున్నవాళ్ళకి వినిపించేంత గట్టిగా.

డిసెంబరు 8

పడుకునే ఉన్నాను. ఈయన ఉప్మా చేశారు. ఉప్పు మరిచిపోయారు. అలాగే తినేశాను.

డిసెంబరు 9

నిర్మల మెసేజి. సోమవారం పొద్దున్నే ప్రసన్నకుమారి వరండాలో అందరితో పాటు కూర్చుని చీటీ రాయించుకుందట. డాక్టరు అభిషేక్ రెండు పంపులూ రాసిచ్చాడట. ఆ దుమ్ము పిల్లకి పడదని అరుగు మీది తవుడు బస్తాలు మత్తయి చెరువు గట్టు మీది పాకలోకి మార్చాడట. పాస్టరు గారు మాత్రం ఎవరితోనూ ఆ సంగతి మాట్లాడటం లేదట. సరే. ఆయనకీ కొంత టైము పడుతుంది.

డిసెంబరు 16, మంగళవారం

ఇవాళ నిస్సీకి మళ్ళీ పరీక్ష. నేను గోడ పక్కన నిలబడతాను, చేసేది నిర్మలే అని ముందే చెప్పాను. నిన్న నిర్మల వాళ్ళింటికి వెళ్ళి ప్రసన్నకుమారికి గట్టిగా చెప్పి వచ్చిందట: "ఆయాసం వస్తే పంపు కొట్టెయ్యండి, ఇంకో రోజు చేద్దాం. రాకపోతే మాత్రం రేపు పొద్దున్న ఏమీ చెయ్యకండి. ఎలా ఉన్న పిల్లని అలాగే తీసుకురండి."

తొమ్మిదింటికి వచ్చారు. గుమ్మంలోనే చూశాను. పిల్ల జుట్టు రేగిపోయి ఉంది. రాత్రి వేసుకున్న నలిగిన గౌను. కళ్ళలో పుసి, బుగ్గ మీద ఎండిన చొంగ గీత. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. వరండాలో కూర్చున్న ఆడవాళ్ళందరూ అటే చూస్తున్నారు. ప్రసన్నకుమారి మాత్రం తల దించలేదు.

"పంపు కొట్టలేదండి" అంది. "మొహం కూడా కడగలేదండి. తల దువ్వలేదు, పళ్ళు తోవలేదు. మీరు ఏమీ చెయ్యొద్దన్నారని పిల్లని మంచం మీంచి లేపినట్టే తీసుకొచ్చేశానండి."

నిర్మల నా వైపు చూసింది. నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు. నిర్మల ముందు నోట్సు తీసి అడగాల్సినవన్నీ అడిగింది. పంపు ఎప్పుడు కొట్టారు, ఎన్ని గంటలైంది, నిన్న సాయంత్రం ఎన్ని. ఒక్కటీ వదల్లేదు.

నేను కొంగు తడిపి నిస్సీ మొహం తుడిచాను. దగ్గొచ్చింది దానికి. మూతి దాచుకోబోయి, వాళ్ళమ్మ వైపు చూసి, ఆగి, దగ్గింది. అందరి ముందూ, కడుపారా దగ్గింది.

"అయిపోయిందా?" అంది నిర్మల. "ఇప్పుడు పీల్చమ్మా. ఇంకా, ఇంకా... ఊదు!"

సగం కొవ్వొత్తులు ఆరలేదు.